భీమవరం నుంచి ఫిలిప్పీన్స్ రోహాస్ సిటీకి ఏ దారిన వెళ్తే మంచిది?

ఉండి చెరువుగట్టు

నమస్కారమండి. సంక్రాంతి వెళ్ళాక, చెరువులు ఎండగట్టుకునే రోజుల్లో నేనూ మా బాబాయీ ఫిలిప్పీన్స్‌లో రోహాస్ సిటీ వెళ్దామనుకుంటున్నాం. కాపిజ్ ప్రావిన్సులో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మండపీతల చెరువులు, పాలబొంత (మిల్క్‌ఫిష్) చేపల చెరువులు చూడాలని ఉంది. వీలైతే ఇలోయిలో దగ్గరున్న సీఫ్‌డెక్ (ఆగ్నేయాసియా మత్స్య అభివృద్ధి సంస్థ) కేంద్రం కూడా. మిగతా రోజులు ఊరు చూడటమే.

టికెట్ల సైట్లన్నీ హైదరాబాద్, మనీలా మీదుగా చూపిస్తున్నాయి. మధ్యలో రెండు మూడు చోట్ల దిగి ఎక్కాలి. ఇంతకన్నా సుళువైన దారి ఉందా? వీసా అక్కర్లేదంటున్నారు, నిజమేనా? బాబాయి పదో తరగతి పాసవ్వలేదు, పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంది. పైగా పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంది, సర్‌నేమ్ గడి ఖాళీ. గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు, శనివారం నీసే ముట్టరు. డబ్బులు ఎలా పట్టుకెళ్ళాలో కూడా చెప్పండి.

మధురపూడి రన్‌వే

ముందు ఊరి పేరు దగ్గరే జాగ్రత్త పడాలండి. ఆ దేశంలో రోహాస్‌లు చాలా ఉన్నాయి. మిండోరోలో ఒకటి, పలావాన్‌లో ఒకటి, ఇసబెలాలో ఇంకోటి. కాపిజ్‌లోనే ప్రెసిడెంట్ రోహాస్ అని వేరే ఊరుంది. ఇవి చాలనట్టు మనీలాలో సముద్రం వెంబడి పోయే పెద్ద రోడ్డు పేరు రోహాస్ బౌలెవార్డ్. హోటల్ సైట్లో ఉత్త "రోహాస్" అని కొడితే ఆ రోడ్డు మీది హోటళ్ళు కూడా కలిసి వస్తాయి. చవగ్గా ఉందని నొక్కేస్తే గది ఒక దీవిలో, మీరు ఇంకో దీవిలో. "కటిక్లాన్ నుంచి రోహాస్‌కి ఫెర్రీ" అని కనబడేది కూడా మిండోరో రోహాస్‌కే. మీకు కావాల్సింది "రోహాస్ సిటీ, కాపిజ్". విమానాశ్రయం కోడ్ ఆర్‌ఎక్స్‌ఎస్.

వీసా మాట నిజమే. 2025 జూన్ 8 నుంచి భారతీయులు పర్యటన కోసం వీసా లేకుండా వెళ్ళి 14 రోజులు ఉండొచ్చు. పొడిగించరు, అక్కడికి వెళ్ళాక వేరే రకం వీసాగా మార్చరు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి, తిరుగు టికెట్ ఉండాలి, హోటల్ బుకింగ్ ఉండాలి, ఖర్చులకి డబ్బుందని చూపించాలి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంగెన్, సింగపూర్, బ్రిటన్‌లలో దేనికైనా చెల్లుబాటయ్యే వీసా ఉన్నవాళ్ళకి 30 రోజులు. 14 రోజులూ నిండా వాడుకునేలా టికెట్ కొనకండి. తిరుగు విమానం రద్దయితే గడువు దాటిపోయేది మీకే. ఒకట్రెండు రోజులు చేతిలో ఉంచుకోండి.

దిగడానికి 72 గంటల లోపు ఈ-ట్రావెల్ అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఇద్దరికీ వేర్వేరుగా నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. డబ్బడిగే సైటు కనబడిందంటే అది ప్రభుత్వానిది కాదు. చివర గవ్ డాట్ పీహెచ్ అని ఉన్నదే అసలుది.

ఇక దారి. నా ఓటు మనీలాకి కాదు. రోహాస్ ఉన్నది పనాయ్ దీవి ఉత్తరపు ఒడ్డున. అదే దీవికి దక్షిణాన ఇలోయిలో, అక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. స్కూట్ అనే విమాన కంపెనీ వాళ్ళు 2025 ఏప్రిల్‌లో సింగపూర్ నుంచి ఇలోయిలోకి నేరుగా విమానం మొదలుపెట్టారు. విశాఖ నుంచి సింగపూర్‌కి కూడా స్కూట్ ఉంది. అంటే విశాఖలో ఎక్కి, సింగపూర్‌లో ఒక్కసారి మారితే దిగేది పనాయ్‌లోనే. అక్కడి నుంచి రోహాస్ 120 కిలోమీటర్ల లోపే. బస్సులో మూడు, నాలుగు గంటలు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఇలోయిలో విమానం రోజూ ఉండదు. అందుకని విశాఖ తేదీ ముందు ఖాయం చేసుకోకుండా, ఇలోయిలో విమానం వారంలో ఏ రోజుల్లో ఉందో చూసి, దానికి తగ్గట్టు విశాఖ తేదీ పెట్టుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం: రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే బ్యాగు సింగపూర్‌లో దింపేస్తారు. అది తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దాటాలంటే మనకి సింగపూర్ వీసా కావాలి. ఆ వీసా లేదని విశాఖ కౌంటర్లోనే ఆపేస్తారు, టికెట్ డబ్బులు గోదాట్లో కలిసినట్టే. స్కూట్ సొంత సైట్లో "విశాఖపట్నం నుంచి ఇలోయిలో" అని నేరుగా వెతికి, ఒకే బుకింగ్ నంబరు వచ్చేలా కొనండి. మధ్యలో చాలా గంటలు ఆగాల్సొచ్చినా చాంగి విమానాశ్రయం లోపలే ఉండండి. కుర్చీలు, మంచినీళ్ళు, తిండి అన్నీ దొరుకుతాయి. జ్యువెల్‌లో జలపాతం చూద్దామని మాత్రం బయల్దేరకండి, అది ఇమిగ్రేషన్‌కి అవతల ఉంది.

విశాఖ విమానాలు భోగాపురానికి మారే సమయం కాబట్టి టికెట్ మీద ఏ విమానాశ్రయం రాసుందో చూసుకోండి. భోగాపురం అయితే ఊరు దాటి ఇంకో 45 కిలోమీటర్ల దాకా పోవాలి. భీమవరం నుంచి రైల్లో వెళ్ళేవాళ్ళు ఆ లెక్క మర్చిపోతే విమానం తప్పుతుంది.

లగేజీ: స్కూట్ అన్నిటికన్నా చవక టికెట్లో చెక్-ఇన్ బ్యాగు ఉండదు, చేతి సామాను 10 కిలోలు. ఫిలిప్పీన్స్ లోపల సెబూ పసిఫిక్ ఎక్కితే చేతి సామాను 7 కిలోలే. బ్యాగుకి టికెట్‌తో పాటే డబ్బు కట్టండి, కౌంటర్లో కడితే బాగా ఎక్కువ.

బాబాయి గారి పేరు సంగతి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కోలా నింపమంటుంది. కొందరు గివెన్ నేమ్‌నే రెండు గడుల్లోనూ రాయమంటారు. ఊహించి నింపకుండా కస్టమర్ కేర్‌ని అడిగి, వాళ్ళిచ్చిన జవాబు మెయిల్లో ఉంచుకోండి. సమయం ఉంటే భీమవరం పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీఇష్యూ పెట్టి ఇంటిపేరు విడగొట్టించడం శాశ్వత మందు. వయసు 50 దాటినా, ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతున్నా పదో తరగతి లేకపోయినా ఈసీఆర్ తీసేస్తారు, అదీ అప్పుడే అడగండి. తీయించకపోయినా ఈ ప్రయాణానికి అడ్డం కాదు. ఈసీఆర్ క్లియరెన్స్ గల్ఫ్, మలేషియా, థాయ్‌లాండ్ లాంటి 18 దేశాలకి ఉద్యోగం కోసం వెళ్ళేవాళ్ళకి. ఫిలిప్పీన్స్ ఆ జాబితాలో లేదు. కాకపోతే ఇమిగ్రేషన్ కౌంటర్లో ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు. తిరుగు టికెట్, హోటల్ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు ఆయన చేతిలోనే ఉండాలి, మీ ఫోన్లో కాదు.

లంకల గన్నవరం

పై ఆయన చెప్పింది బాగుంది గానీ, తేదీలు కుదరకపోతే మనీలా దారిని తీసిపారెయ్యక్కర్లేదండి. ఎయిర్ ఇండియా 2025 అక్టోబర్ 1 నుంచి ఢిల్లీ–మనీలా నేరుగా నడుపుతోంది. రాజమండ్రి నుంచి ఢిల్లీకి ఇండిగో 2024 డిసెంబర్‌లో మొదలైంది. రెండూ వేర్వేరు కంపెనీలు, ఢిల్లీలో బ్యాగు తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. కానీ అది మన దేశమే, వీసా గొడవ లేదు. ఆలస్యమైతే రెండో విమానం వాళ్ళు పట్టించుకోరు కాబట్టి మధ్యలో సగం రోజు ఖాళీ పెట్టుకోండి.

అసలు చిక్కు మనీలాలో. అక్కడి టెర్మినళ్ళు ఒకదానికొకటి లోపలి నుంచి కలిసి ఉండవు. బయటికొచ్చి, రోడ్డు మీద పోవాలి. దూరం మూడు నాలుగు కిలోమీటర్లే, ట్రాఫిక్‌లో గంట పట్టొచ్చు. ఇమిగ్రేషన్ క్యూ, బ్యాగు, కస్టమ్స్, టెర్మినల్ మారడం, మళ్ళీ చెక్-ఇన్ కలిపితే ఐదు గంటలకి తక్కువ పెట్టుకోకూడదు. సాయంత్రం దిగితే రాత్రి మనీలాలో పడుకుని పొద్దున్నే మొదటి విమానం పట్టడమే మేలు. మధ్యాహ్నానికి ఆలస్యాలన్నీ పేరుకుపోతాయి.

ఇంకో మాట. మనీలా నుంచి రోహాస్‌కి విమానాలు తక్కువ. తప్పిందంటే ఆ రోజు పోయినట్టే. అదే ఇలోయిలోకైతే రోజంతా ఉంటాయి. మనీలా మీదుగా వెళ్ళినా ఇలోయిలో టికెట్టే కొని రోడ్డున పోతే చాలా నిశ్చింత. కాలిబో విమానాశ్రయం కూడా అదే దీవిలో ఉంది, అక్కడి నుంచి రోహాస్‌కి వ్యాన్లు నడుస్తాయి.

ఉండి చెరువుగట్టు

చాలా ఉపయోగమండి ఇద్దరికీ. స్కూట్ సైట్లో ఒకే బుకింగ్ దొరుకుతోంది, చూశాను. చెరువులు చూడటానికి ముందే ఎవరినైనా అడగాలా? నేరుగా వెళ్తే రానిస్తారా? వచ్చేటప్పుడు పీత పిల్లలు కొన్ని తెచ్చుకోవచ్చా అని బాబాయి అడగమంటున్నారు.

అంతర్వేది హేచరీ

పీత పిల్ల ఒక్కటి కూడా తేకూడదండి. బతికున్నవి, సీడు, చచ్చినవి, ఐసులో పెట్టినవి, ఏవీ కుదరవు. మన దేశానికి రొయ్య తల్లులు రావాలంటేనే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతి ఉన్న హేచరీలు, అనుమతి ఉన్న సరఫరాదార్ల దగ్గర కొని, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో పెట్టి, పరీక్షలయ్యాక తీసుకోవాలి. చేతి సంచిలో తెచ్చింది పట్టుబడితే కేసు, పట్టుబడకపోతే ఇంకా ప్రమాదం, జబ్బు నేరుగా మీ చెరువులోకే వస్తుంది. హేచరీ పీత పిల్లలు కావాలంటే తమిళనాడులో ఆర్జీసీఏ (రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం) హేచరీ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడి నుంచి మేత శాంపిళ్ళు, ప్రోబయోటిక్ పొట్లాలు, చెరువు మట్టి పట్టుకెళ్ళడం కూడా వద్దు.

సీఫ్‌డెక్ ఆక్వాకల్చర్ విభాగం 1973 నుంచి టిగ్బావాన్‌లో ఉంది. అది ఇలోయిలో సిటీకి పడమర 20 కిలోమీటర్ల పైన. రోహాస్‌లో బస పెట్టుకుని పొద్దున్న పోయి సాయంత్రం వచ్చేద్దాం అనుకోకండి, రోజంతా రోడ్డు మీదే అయిపోతుంది. ఇలోయిలోలో దిగగానే అక్కడే రెండు మూడు రాత్రులుండి అది ముగించుకుని, ఆ తర్వాత ఉత్తరానికి ఎక్కండి. డుమంగాస్‌లో వాళ్ళదే ఉప్పునీటి చెరువుల కేంద్రం ఉంది, మీ పనికి టిగ్బావాన్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. గిమారస్ దీవిలో ఇగాంగ్ దగ్గర సముద్రపు కేజీలు. మియాగావ్‌లో ఫిలిప్పీన్స్ యూనివర్సిటీ వాళ్ళ ఫిషరీస్ కాలేజీ. అటు వెళ్తే పక్కనే యునెస్కో జాబితాకెక్కిన పాత చర్చి కూడా చూడొచ్చు.

నెల ముందే మెయిల్ రాయండి. "మీ సెంటర్ చూడాలని ఉంది" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికి పంపాలో వాళ్ళకీ తెలీదు. ఎంతమంది, పాస్‌పోర్టులో ఉన్నట్టు పేర్లు, ఇక్కడ ఎన్ని ఎకరాల్లో ఏం పెంచుతున్నారు, ఏం చూడాలి (పీతల హేచరీయా, నర్సరీయా, పాలబొంతా, పండుగొప్పా), అనువైన రెండు తేదీలు, ఇవి ఉండాలి. శని ఆదివారాలు వదిలెయ్యండి. ఊరికే చూసి రావడం వేరు, ఫీజు కట్టి శిక్షణలో చేరడం వేరు. వీసా లేని 14 రోజులు పర్యటనకే ఇచ్చారు కాబట్టి శిక్షణకైతే ముందే ఎంబసీలో అడిగి వీసా తీసుకుని వెళ్ళాలి.

రోహాస్ వైపు ప్రైవేటు చెరువుల గట్టెక్కడానికి ఎవరూ ఊరికే రానివ్వరు, మనం మాత్రం రానిస్తామా? ఇలోయిలో సిటీలో బీఫార్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, అది వాళ్ళ మత్స్యశాఖ. అక్కడ అడిగితే కాపిజ్‌లో ఎవరిని కలవాలో చెప్తారు.

వెళ్ళినవాళ్ళు చెరువు సైజు, కల్చర్ రోజులు అడిగి ఊరుకుంటారు. చూడాల్సింది పీతల నర్సరీ. పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి, ముఖ్యంగా పెంకు విడిచినప్పుడు. అందుకని చెరువులోనే హాపాలు, అంటే గది లాంటి చిన్న వలలు కట్టి, లోపల దాక్కోవడానికి కొబ్బరి మట్టలు, వెదురు ముక్కలు, సముద్రపు నాచు వేస్తారు. ఎంత సాంద్రతకి ఎంత చాటు ఇచ్చారు, ఎన్ని రోజులకి సైజు వారీగా వేరు చేశారు, ఎన్ని మిగిలాయి, ఈ మూడూ అడిగి రాసుకుంటే కోనసీమ చెరువులోనూ పనికొస్తుంది.

పాలబొంత చెరువులో ఇంకో పని నేర్చుకోవచ్చు. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, కోళ్ళ ఎరువు వేసి, మొదట మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల నీళ్ళే పెడతారు. అడుగున లబ్‌లబ్ అనే పాచి తివాచీలా పడుతుంది. అది పట్టుకున్నాక కొద్దికొద్దిగా నీళ్ళు పెంచి, పిల్లని వదులుతారు. చేపకి అదే మేత. ఒక్కసారి నీళ్ళు పెంచినా, పెద్ద వాన పడి ఉప్పు పడిపోయినా పాచి ఊడి పైకి తేలి కుళ్ళుతుంది. తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి చేప పైకొచ్చేస్తుంది. అందుకే గట్టు మూల తేలిన పాచిని జల్లెడ వలతో తీసి బయట పోస్తూ ఉంటారు. రొయ్యల్లో జబ్బు తెచ్చే మెరిసే విబ్రియో బాక్టీరియాని అదుపు చెయ్యడానికి తిలాపియా పెంచిన పచ్చనీళ్ళు వాడే పద్ధతి కూడా సీఫ్‌డెక్ వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది, దాని గురించి కూడా అడగండి.

చెరువుకి వెళ్ళే రోజు పాత రబ్బరు చెప్పులు వేసుకుని, అవి అక్కడే పారేసి రండి. బట్టలు అక్కడే ఉతికించుకోండి. ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు మీ చెరువుల దగ్గరికి పోవద్దు. ఫిలిప్పీన్స్‌లో రొయ్యలకొచ్చే ఈఎంఎస్ జబ్బు ఉంది, తెల్లమచ్చ జబ్బు ఉంది.

యానాం గోదారి

డబ్బు గురించి. పెసో మన రూపాయిన్నరకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రూపాయి నోట్లు రోహాస్‌లో మారవు, యూపీఐ పని చెయ్యదు. అక్కడి వాళ్ళంతా జీక్యాష్ అనే ఫోన్ పేమెంట్ యాప్ క్యూఆర్ వాడతారు గానీ మీరు నోట్ల మీదే ఆధారపడాలి. కొత్త 100 డాలర్ల నోట్లు కొన్ని పట్టుకెళ్ళండి. మడత చిరిగినా, పెన్నుగీత ఉన్నా తీసుకోరు. మిగతాది ఫారెక్స్ కార్డులో. ఏటీఎంలో విదేశీ కార్డుకి ప్రతిసారీ 250 పెసోలు కోస్తారు, ఒక్కసారికి వచ్చేది సాధారణంగా 10,000. రెండేసి వేలు తీస్తే కోతకే సరిపోతుంది, తీసినప్పుడల్లా నిండా తీయండి. "రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని తెర మీద అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు మనకి నష్టం. ట్రైసికిల్ (పక్కన తొట్టి కట్టిన మోటార్ సైకిల్) వాడికి వెయ్యి నోటిస్తే చిల్లర ఉండదు. 20, 50, 100 నోట్లు జేబులో ఉంచుకోండి, ఎక్కేముందే ఎంతో అడగండి.

సిమ్‌కి పాస్‌పోర్టు, తిరుగు టికెట్, హోటల్ చిరునామా ఇచ్చి రిజిస్టర్ చెయ్యాలి. పర్యాటకుల రిజిస్ట్రేషన్ 30 రోజులు పనిచేస్తుంది. కరెంటు 220 వోల్టులే గానీ సాకెట్టు రెండు చదును పిన్నులది, మన గుండ్రటి పిన్ను దూరదు. ఇక్కడే అడాప్టర్ కొనుక్కెళ్ళండి.

తిండి. అన్నానికి లోటు లేదు, మూడు పూటలా అన్నమే. కప్పుతో బోర్లించి పెడతారు, మన వాళ్ళకి ఒకటి చాలదు, రెండోది విడిగా అడగాలి. గొడ్డు, పంది ముట్టని వాళ్ళకి చికెన్ ఇనాసల్ నిక్షేపం, బొగ్గుల మీద కాల్చిన కోడి. చేప, రొయ్య, పీత కాల్చినవో ఉడికించినవో అడగండి. సిసిగ్ అనే వంటకం మామూలుగా పంది. లుంపియా చుట్టల్లోనూ పందే ఎక్కువ. కారం తక్కువ. బల్ల మీద మిరపకాయలు, వెల్లుల్లి నానబెట్టిన సినామక్ అనే వెనిగర్ సీసా ఉంటుంది, అదే ఆధారం.

శనివారం కష్టం. అక్కడ కూరగాయల కూర అంటే అందులో మాంసం లేదని అర్థం కాదు. పినక్‌బెట్‌లో రొయ్యల ముద్ద, పెసల పులుసులో ఎండుచేపో పందిముక్కో. "మాంసం లేకుండా, చేప లేకుండా, రొయ్యల ముద్ద లేకుండా" అని మూడూ విడివిడిగా చెప్పాలి. ఇంగ్లీషు అందరికీ బాగానే వచ్చు. దానికన్నా వంటగది ఉన్న గది తీసుకోవడం మంచిది. బజార్లో వంకాయ, బెండకాయ, కాకర, బచ్చలి, మునగాకు అన్నీ దొరుకుతాయి. కందిపొడి, ఊరగాయ మూతకి టేపు చుట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. చేతి సంచిలో పెడితే నూనె ఉందని స్కానర్ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు.

రోహాస్‌లో ముఖ్యమైంది ఇదీ. ఆ ఊరిని ఫిలిప్పీన్స్ సీఫుడ్ రాజధాని అంటారు, బేబే బీచి వెంబడి కాల్చి పెట్టే కొట్లున్నాయి. ఆల్చిప్పలు, తహోంగ్ అనే పచ్చ గుల్లలు, దివాల్ అనే తెల్ల గుల్లలు ప్రత్యేకం. అవి తినే ముందు బీఫార్ వాళ్ళ రెడ్‌టైడ్ బులెటిన్ చూడండి. కాపిజ్ తీరం అందులో చాలాసార్లు ఎక్కింది. సముద్రంలో ఒక రకం సూక్ష్మజీవులు పెరిగినప్పుడు గుల్లల్లో విషం చేరుతుంది, అది ఉడికించినా పోదు. పెదాలు తిమ్మిరెక్కడంతో మొదలై ఊపిరి ఆడకుండా పోయేదాకా వస్తుంది. తీరం పేరు బులెటిన్‌లో ఉంటే గుల్లలు, సన్న రొయ్యపొట్టు పూర్తిగా మానెయ్యాలి. చేప, పెద్ద రొయ్య, పీత, స్క్విడ్ బాగా కడిగి, లోపలి పేగులు తీసి వండితే పర్వాలేదు. ఈ తేడా తెలియక కొందరు రొయ్యలు మానేసి ఆల్చిప్పలు తింటారు!

చూడటానికి పక్కనే పనాయ్ అనే ఊళ్ళో పాత చర్చి, అందులో పది టన్నులు దాటిన గంట ఉన్నాయి. పలీనా నది మీద మడ చెట్ల మధ్య తెప్ప ప్రయాణం. మన కోరింగ చూసినవాళ్ళకి మడ కొత్తేం కాదు గానీ తెప్ప మీదే కూర్చోబెట్టి భోజనం పెడతారు.

ఐ.పోలవరం పుంజు

భీమవరం వాళ్ళు అడక్కుండా ఎలా ఉన్నారో! అక్కడ కోడిపందెం చట్టబద్ధమే. 1974 నాటి ప్రత్యేక చట్టం ఉంది. లైసెన్సున్న గోదాల్లో, ఆదివారాలూ సెలవు రోజుల్లో, ఊరి పండగలప్పుడు. ఆన్‌లైన్ పందేలు 2022లో ఆపేశారు. కత్తి ఎడమ కాలికి ఒక్కదానికే కడతారు. పందెం కాగితం మీద ఉండదు, వేలి సైగే మాట. అందుకని చూసేటప్పుడు చెయ్యి ఊపకండి, తల గోక్కోకండి.

మధురపూడి రన్‌వే

తేదీల సంగతి మిగిలిపోయింది. సంక్రాంతి వెళ్ళాక అన్నారు, సరిగ్గా అప్పుడే ఆ దీవిలో కూడా పండగలు. జనవరి మూడో ఆదివారం కాలిబోలో అతీ-అతిహాన్, నాలుగో ఆదివారం ఇలోయిలోలో దినాగ్యాంగ్. ఆ రెండు వారాలూ ఇలోయిలోలో గది దొరకడం, రేటు రెండూ కష్టమే. పండగ చూడాలనుకుంటే మూడు నెలల ముందు బుక్ చెయ్యండి, లేదంటే నాలుగో ఆదివారం దాటాక దిగండి. చైనా కొత్త సంవత్సరం ఏ తేదీన పడిందో కూడా చూసుకోండి, ఆ వారంలో సింగపూర్ టికెట్లు మండిపోతాయి.

జనవరి, ఫిబ్రవరిల్లో వానలు తక్కువ. ఈశాన్యపు గాలి మాత్రం గట్టిగా కొడుతుంది. బేబే బీచి ఉత్తరానికి తిరిగి ఉంటుంది కాబట్టి అలలు రేగుతాయి, నీళ్ళలో దిగాలనుకుంటే మార్చి, ఏప్రిల్ మేలు. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం. 2013 నవంబర్ 8న వచ్చిన యోలాండా ఈ దీవి ఉత్తరాన్నే తొక్కేసింది. 1996 నవంబర్ చూసిన కోనసీమ వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. సిగ్నల్ ఒకటి ఎత్తినా కోస్ట్‌గార్డు పడవలు ఆపేస్తుంది, గిమారస్ వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోతారు.

ఇలోయిలో నుంచి రోహాస్‌కి సెరెస్ బస్సులు హారో దగ్గరున్న టగ్బాక్ టెర్మినల్లో ఎక్కాలి. విమానాశ్రయం ఊరికి 19 కిలోమీటర్ల బయట, కబాతువాన్‌లో ఉంది. రోహాస్‌లో బస్సు ఆగేది ప్యూబ్లో దె పనాయ్‌లోని టెర్మినల్లో. అక్కడి నుంచి బీచికి ట్రైసికిల్. తిరుగు ప్రయాణంలో విమానం ఉన్న రోజే రోహాస్‌లో బయల్దేరకండి. ముందు రోజు మధ్యాహ్నమే దిగివచ్చి ఆ రాత్రి ఇలోయిలోలో ఉండండి. ఆ విమానం తప్పితే మళ్ళీది ఎన్ని రోజులకో, మీ 14 రోజుల గడువు మాత్రం ఆగదు.